ఓటీ రిజిస్టర్‌లో కనపడని పని: ఒంగోలులో మా నర్సుల పనిభారాన్ని ఎలా కొలిచాం

ఏ ఆసుపత్రి ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టర్ తీసి చూసినా ఒక్కో కేసుకి మూడు టైములు కనిపిస్తాయి. పేషెంట్‌ని లోపలికి తీసుకున్న టైము, కోత పెట్టిన టైము, కుట్లు పూర్తయిన టైము. నేను పదహారేళ్లుగా ఓటీలోనే ఉన్నాను, అందులో చివరి ఆరేళ్లు ఇన్‌ఛార్జ్‌గా, ఒంగోలులో మూడు టేబుళ్లున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఇన్నేళ్లూ ఆ రిజిస్టర్ నా చేత్తోనే రాశాను. అందులో నర్సు పని ఎక్కడా లేదన్న సంగతి ఒక మాప్ (ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డ) కనపడకుండా పోయిన రోజు దాకా నాకు తట్టలేదు.

ఆ రోజు సాయంత్రం గర్భసంచి తీసే ఆపరేషన్ జరుగుతోంది. అప్పటికి అది ఎనిమిదో కేసు. కడుపు మూసే ముందు లెక్క పెడితే ఒక మాప్ తక్కువొచ్చింది. మళ్లీ లెక్కపెట్టాం, మళ్లీ తక్కువే. డాక్టరు గారు చెయ్యి పెట్టి లోపలంతా వెతికారు, మేం బకెట్లు, ట్రాలీ కింద, టేబుల్ కింద అన్నీ చూశాం. మాప్‌లో ఎక్స్‌రేకి కనిపించే దారం ఉంటుంది కాబట్టి సీ-ఆర్మ్ ఎక్స్‌రే మిషన్ తెప్పించి చూస్తే లోపల ఏమీ లేదు. చివరికి మధ్యలో తడిసిందని తీసేసిన టవల్‌కి అతుక్కుని, మురికి బట్టల మూటలో దొరికింది. పేషెంట్‌కి ఏ ఇబ్బందీ రాలేదు, కానీ నలభై నిమిషాలు అదనంగా మత్తులో ఉంది. మర్నాడు, సర్జన్‌కి పనిముట్లు అందించే స్క్రబ్ నర్సుకి మెమో ఇచ్చారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ అమ్మాయి నిర్లక్ష్యంగా ఉండే మనిషి కాదు. చేతులు కడుక్కుని టేబుల్ దగ్గర నిలబడ్డ స్క్రబ్ నర్సుకి కిందపడ్డ మాప్ కనిపించదు, కనిపించినా ముట్టుకోకూడదు. వాడిన మాప్‌లను లెక్కకి వరసగా పెట్టేది, ఆ తడిసిన టవల్ తీసి మూటలో వేసేది, గదిలో తిరుగుతూ కావల్సినవి అందించే ఫ్లోర్ నర్సు. ఆ సమయంలో ఫ్లోర్ నర్సు ఎక్కడుంది? పక్క టేబుల్ మీద కాలు విరిగిన కేసుకి స్క్రూ సైజులు అందిస్తోంది. రెండు టేబుళ్లకీ కలిపి ఒక్కతే. అలా ఎన్నాళ్లుగా నడుస్తోందో లిస్టు వేసేదాన్ని నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

మనుషులు చాలడం లేదని చెప్పడానికి మేనేజర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన రిజిస్టర్ తెరిచి కోత నుంచి కుట్ల దాకా ఉన్న నిమిషాలన్నీ కూడి చూపించారు. "మూడు టేబుళ్ల మీద కలిపి రోజుకి పది గంటలు కూడా రావడం లేదమ్మా, మీరేమో ఏడుగురున్నారు. పని ఎక్కువైందంటే పైవాళ్లకి నేనేం చెప్పను? లెక్క చూపించండి" అన్నారు. ఆ మాట నాకు కోపం తెప్పించింది కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమే అనిపించింది. మన దగ్గర లెక్క లేదు.

ఏ కొలబద్ద పట్టుకోవాలి

వెతికితే కొలబద్దలు చాలానే ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం వార్డుకీ ఐసీయూకీ చేసినవి. నర్సింగ్ యాక్టివిటీస్ స్కోర్ అని 2003లో వచ్చినది ఐసీయూలో బాగా వాడతారు, ఒక నర్సు పూర్తి సమయాన్ని 100గా పెట్టుకుని ఒక్కో పేషెంట్ అందులో ఎంత తీసుకుంటున్నాడో చెప్తుంది. ఓటీకి అది సరిపోదు. మా పేషెంట్ గంటకో రెండు గంటలకో మారిపోతాడు, పైగా పేషెంట్ లేని సమయంలో కూడా మా పని ఆగదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం మేజర్ ఓటీలో టేబుల్‌కి ఇద్దరు నర్సులు, దాని మీద 30 శాతం లీవ్ రిజర్వ్, అంటే సెలవులో ఉన్నవాళ్ల బదులు ఉంచే అదనపు మనుషులు. మా దగ్గర దీన్ని మూడు టేబుళ్లు ఇంటూ ఇద్దరు, ఆరుగురు, ఒకరు అదనం, ఏడుగురు అని తేల్చేశారు. ఆ ఏడుగురిలోనే వారపు సెలవులు, రాత్రి ఎమర్జెన్సీకి పిలిస్తే వచ్చే నైట్ కాల్, మెటర్నిటీ లీవు అన్నీ సర్దుకోవాలి. అంటే ఏ రోజు చూసినా పగలు చేతిలో ఉండేది నలుగురో ఐదుగురో. ఆ నిబంధన టేబుల్ నడిచే ప్రతి షిఫ్టులో అక్కడ ఉండాల్సిన మనుషుల గురించి చెప్తోంది, జీతాల పట్టికలో ఉండే పేర్ల గురించి కాదు. ఈ తేడా అర్థమయ్యేలా చెప్పడానికే నాకు రెండు మీటింగులు పట్టాయి.

చివరికి మూడింటిని కలిపాం. ఎవరు ఏ పనిలో ఉన్నారో పది నిమిషాలకోసారి చూసి రాసుకోవడం, దీన్ని వర్క్ శాంప్లింగ్ అంటారు. రెండోది కేసు అయ్యాక నర్సు తన భారాన్ని తనే చెప్పే నాసా టీఎల్ఎక్స్ చీటీ. మూడోది ఏడాదికి ఎంతమంది కావాలో లెక్కగట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి, విస్న్ అంటారు.

చూసి రాసుకోవడం

మొదట నేనే స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను, మొదటి రోజే చెడింది. ఇన్‌ఛార్జ్ చూస్తోందంటే అందరూ రోజూ కంటే వేగంగా, మాట లేకుండా పని చేశారు. నేనేమో ఎవరైనా తడబడితే వాచీ పక్కన పెట్టి చెయ్యి వేసేశాను. అందుకని మేనేజ్‌మెంట్ అనుమతి తీసుకుని, మా దగ్గరికి పోస్టింగ్‌కి వచ్చే బీఎస్సీ నర్సింగ్ పిల్లల్లో ఇద్దరికి నేర్పించాం. పేషెంట్ పేరు రాయకూడదు, నర్సు పేరూ రాయకూడదు, స్క్రబ్ ఒకటి, ఫ్లోర్ ఒకటి అని మాత్రమే రాయాలి.

ఎన్నిసార్లు చూస్తే సరిపోతుందని చాలామంది అడుగుతారు. ఒక పని మొత్తం సమయంలో 30 శాతం ఉంటుందని అనుకుందాం. అటూ ఇటూ 5 శాతం తేడాలోపు, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే దాదాపు 323 సార్లు చూడాలి. ఐదుగురు నర్సులు, ఎనిమిది గంటలు, పది నిమిషాలకోసారి అంటే ఒక్క రోజులోనే 240 వస్తాయి. అంకె చూసి రెండు రోజులు చాలనుకోకండి. సోమవారం ఓటీ వేరు, శనివారం ఓటీ వేరు, మేం నాలుగు వారాలు చూశాం.

బయటపడినవాటిలో అన్నిటికంటే పెద్దది, మా పనిలో సగం కంటే ఎక్కువ కోతకి ముందో, కుట్ల తర్వాతో ఉంది. ఒక్క కేసు చెప్తాను. కాలి ఎముకకి రాడ్ వేసే ఆపరేషన్, రిజిస్టర్‌లో గంటా ఇరవై నిమిషాలు. దాని కోసం నర్సు చెయ్యి మొదట పడ్డ దగ్గర్నుంచి చివర తీసిన దాకా చూస్తే మూడు గంటల ఐదు నిమిషాలు. ఇంప్లాంట్ సెట్ కంపెనీ వాళ్లది, అది పొద్దున్నే పార్శిల్‌లో వచ్చింది. పెట్టె విప్పి, ఒక్కో డ్రిల్ బిట్ లిస్టుతో సరిచూసి, కడిగి, ప్యాక్ చేసి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టాలి. 121 డిగ్రీల దగ్గర ప్యాక్ చేసిన సెట్‌కి 30 నిమిషాలు, దానికి ముందు వేడెక్కే సమయం, తర్వాత ఆరే సమయం. తడి ప్యాక్ తెరవకూడదు. ఈలోగా సర్జన్ వచ్చి "సెట్ రెడీనా సిస్టర్?" అని మూడుసార్లు అడిగారు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ కడగడం, లెక్క, ఇంప్లాంట్ స్టిక్కర్లు కేస్ షీట్‌లో అతికించడం, ప్రభుత్వ ఆరోగ్య స్కీం కింద వచ్చిన కేసు అయితే వాళ్లకి కావల్సిన ఫొటోలు, కాగితాలు. ఇందులో ఒక్క నిమిషం కూడా రిజిస్టర్‌లో లేదు.

రెండోది ఫ్లోర్ నర్సు సంగతి. నాకు ముందు నుంచీ స్క్రబ్ పనే బరువని అనిపించేది, కొత్తవాళ్లని అందుకే ఫ్లోర్‌కి వేసేదాన్ని. నేను పొరబడ్డాను. ఫ్లోర్ నర్సు పని ఎంతసేపని కాకుండా ఎన్నిసార్లు తెగిందని చూడమని పిల్లలకి చెప్పాను. చేస్తున్న పని వదిలి ఇంకోదానికి వెళ్లిన ప్రతిసారీ ఒక గీత. సర్జన్ ఫోను మోగితే చెవి దగ్గర పట్టుకోవాలి. వార్డు నుంచి తర్వాతి పేషెంట్‌ని పంపాలా అని ఫోను. ఫార్మసీ నుంచి ఈ దారం లేదు, ఆ దారం చాలా అని ఫోను. బయట తలుపు దగ్గర బంధువులు. ఒక సిజేరియన్ నలభై నిమిషాల్లో పదిహేడు గీతలు పడిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, అందులో మూడు సరిగ్గా మాప్ లెక్క మధ్యలో పడ్డాయి. అమెరికాలోని ఓటీ నర్సుల సంఘం ఒక పేషెంట్‌కి ఒక ఫ్లోర్ నర్సు పూర్తిగా ఉండాలంటుంది. ఆ వాక్యం ఇదివరకు చదివినప్పుడు అది డబ్బున్న దేశాల మాటలే అనుకున్నాను. ఈ కాగితం చూశాక అలా అనిపించలేదు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన సర్జికల్ చెక్‌లిస్ట్ కూడా ఇక్కడే దెబ్బతింటుంది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ బయటికెళ్లే ముందు మూడుసార్లు ఆగి చూసుకోవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షించినప్పుడు చెక్‌లిస్ట్ వాడాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి, ఆ ఫలితాలు 2009లో వచ్చాయి. అంత విలువైన కాగితాన్ని చదివించేది మా దగ్గర ఫ్లోర్ నర్సే. ఆమె రెండు టేబుళ్ల మధ్య పరిగెడుతుంటే అది కేసయ్యాక ఒకేసారి టిక్కులు పెట్టే కాగితం అయిపోతుంది. మా చెక్‌లిస్టుల మీద టైములు చూస్తే కొన్నింట్లో సరిగ్గా అదే జరిగింది.

చీటీ, దాని తెలుగు

నాసా టీఎల్ఎక్స్‌ని శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ 1988లో ప్రచురించారు. మొదట విమానాలు నడిపేవాళ్ల కోసం ఆలోచించినా ఇప్పుడు ఆసుపత్రుల్లో కూడా వాడుతున్నారు. ఆరు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 100 వరకు ఐదేసి అంకెల మెట్లతో ఒక గీత. అసలు పద్ధతిలో ఆ ఆరింటినీ జతలుగా పెట్టి ఏది ముఖ్యమో 15 సార్లు ఎంచుకోవాలి. కేసుకీ కేసుకీ మధ్య దానికి టైము దొరకదు, అందుకని ఆరు అంకెల సగటు మాత్రమే తీసుకున్నాం, అలా తీసుకోవడం కూడా ఒప్పుకున్న పద్ధతే.

తెలుగు చెయ్యడం నేననుకున్నంత తేలిక కాలేదు. మొదటి చీటీలో "శారీరక శ్రమ", "ప్రయత్నం" అని రాస్తే అందరూ రెండింటికీ ఒకే అంకె వేశారు, మనకి రెండూ కష్టమే కదా. "నిస్పృహ" అని రాస్తే ఒక సీనియర్ సిస్టర్ "ఇదేంది మేడమ్, ఇది జబ్బు పేరా?" అని అడిగింది. కూర్చుని మాట్లాడుకుని మా మాటల్లో మళ్లీ రాశాం. ఈ కేసులో ఎంత ఆలోచించాల్సొచ్చింది, ఎంత గుర్తుపెట్టుకోవాల్సొచ్చింది? నిలబడటం, మొయ్యడం, తిరగడం ఎంత? ఎవరో వెనకాల తరుముతున్నట్టు ఎంత అనిపించింది? నీ పని నీకు తృప్తిగా వచ్చిందా? దానికోసం ఎంత బలం పెట్టాల్సొచ్చింది? చిరాకు, టెన్షన్, మనసు నొచ్చుకోవడం ఎంత?

నాలుగోది జాగ్రత్త. అక్కడ గీత తిరగబడి ఉంటుంది, బాగా వచ్చిందంటే 0 వైపు, బాగా రాలేదంటే 100 వైపు. మొదటి వారం చాలామంది పని బాగా చేశామని 90 వేశారు, సగటులో అది భారం కింద పడిపోయింది. ఆ వారం చీటీలన్నీ పక్కన పెట్టేశాం. తర్వాత గీత ఆ చివర "బాగా వచ్చింది", ఈ చివర "అస్సలు రాలేదు" అని పెద్ద అక్షరాలతో రాశాం.

ఇంకో ఇబ్బంది భయం. మొదట్లో వచ్చిన చీటీలన్నీ 50, 50, 50. ఎందుకమ్మా అంటే "ఇది ఆఫీసుకి వెళ్తుందా అక్కా? ఎక్కువ వేస్తే పని చేతకాదంటారు, తక్కువ వేస్తే ఇంకో డ్యూటీ వేస్తారు" అంది ఒకమ్మాయి. ఆ మాటలో ఎంత అనుభవం ఉందో ఓటీలో పనిచేసినవాళ్లకి తెలుస్తుంది. తాళం ఉన్న డబ్బా ఒకటి పెట్టించాం, తాళంచెవి నర్సింగ్ కాలేజీ మేడమ్ గారి దగ్గర. పేర్లు లేవు. నేను కూడా విడి చీటీలు చూడను, వారానికోసారి ఆవిడ కలిపి ఇచ్చిందే చూస్తాను. దాంతో అంకెలు కదిలాయి.

లెక్క ఎలాగంటే, ఒక ఫ్లోర్ నర్సు చీటీలో ఆలోచన 70, శరీరం 45, తరుముడు 85, పని రావడం 20, బలం 65, చిరాకు 75 అనుకుందాం. మొత్తం 360, ఆరుతో భాగిస్తే 60. కానీ ఈ 60 దగ్గర ఆగితే ఏమీ తెలియదు. అదే 60 మొయ్యడం వల్ల వస్తే మనిషి సాయం కావాలి, తరుముడు వల్ల వస్తే లిస్టు మార్చాలి, చిరాకు వల్ల వస్తే ఎవరు ఎలా మాట్లాడుతున్నారో చూడాలి. మా దగ్గర స్క్రబ్ వాళ్లకి ఎక్కువగా నిలబడటం, ఆలోచన. ఫ్లోర్ వాళ్లకి తరుముడు, చిరాకు.

చీటీ కింద నేనొక గడి అదనంగా పెట్టాను, నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు అని. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో వేళ్లు నలిగినవాళ్లు, నేషనల్ హైవే మీద దెబ్బలు తగిలినవాళ్లు రాత్రి ఒంటిగంటకి వస్తారు. కాల్‌లో ఉన్న నర్సు మూడున్నరకి ఇంటికెళ్లి ఎనిమిదికి మళ్లీ డ్యూటీకి వస్తుంది. అలా వచ్చిన రోజు మామూలు కేసుకి కూడా ఆమె వేసే అంకె పైకి పోతుంది. ఈ గడి లేకపోతే ఆ బరువంతా పొద్దుటి కేసు ఖాతాలో పడిపోయేది.

ముహూర్తాల రోజు

రోజులవారీ అంకెలు గీత గీసి చూసినప్పుడు రెండు రోజులు మిగతావాటికంటే బాగా పైకి లేచి కనిపించాయి. కేసులు మామూలుగానే ఉన్నాయి, తొమ్మిదీ పదీ. అర్థం కాక లిస్టు తీసి చూస్తే ఒకరోజు మూడు సిజేరియన్లు, మూడూ పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు లోపే కావాలని ముహూర్తం పెట్టించుకుని వచ్చినవి. మంచి నక్షత్రంలో బిడ్డ పుట్టాలని తల్లిదండ్రులు కోరుకోవడం నాకు తప్పుగా అనిపించదు. కానీ మూడు టేబుళ్లూ ఒకేసారి సిజేరియన్ మొదలుపెడితే బిడ్డని అందుకోవడం, బరువు చూడటం, మాప్ లెక్క, ఇంజెక్షన్లు అన్నీ మూడు చోట్లా అదే అరగంటలో పడతాయి, ఫ్లోర్ నర్సులు ఇద్దరే.

రెండోది అమావాస్య మర్నాడు. అమావాస్య నాడు చాలామంది ఆపరేషన్ వద్దంటారు, ఆ రోజు ఓటీ ఖాళీ, ఆ కేసులన్నీ ముందు రోజో మర్నాడో పోగవుతాయి. నెల సగటు తీస్తే ఇవి రెండూ మాయమవుతాయి, మేనేజర్ గారి రిజిస్టర్‌లో మాయమైంది కూడా ఇవే.

ఏడాది లెక్క

విస్న్ లెక్క గుండ్రటి అంకెలతో చెప్తాను, పద్ధతి తెలియడానికే, మా అసలు అంకెలు కాదు. 365 రోజుల్లో వారపు సెలవులు 52, పండగలు, క్యాజువల్, ఈఎల్, ట్రైనింగ్ కలిపి ఇంకో 40 తీసేస్తే 273 రోజులు. రోజుకి 8 గంటల చొప్పున ఒక నర్సు ఏడాదికి ఇవ్వగలిగేది 2,184 గంటలు. పెద్ద కేసులు 1,800, ఒక్కోదానికి ఇద్దరివీ కలిపి ఆరున్నర గంటలు. చిన్నవి 900, ఒక్కోదానికి 4 గంటలు. మొత్తం 15,300 గంటలు, 2,184తో భాగిస్తే 7. ఇక్కడ ఆపితే ఏడుగురు చాలు. కానీ ఆటోక్లేవ్‌లో పెట్టే డ్రమ్ములు సిద్ధం చెయ్యడం, స్టాకు, ఓటీ శుభ్రం లాంటి ఏ కేసుకీ చెందని పని సమయంలో 20 శాతం తింటుందనుకుంటే కేసులకి మిగిలేది 80 శాతమే, కాబట్టి 1.25తో హెచ్చించాలి, 8.75 అవుతుంది. ఇన్‌ఛార్జ్ చేసే లిస్టులు, ఇండెంట్లకి ఇంకో అర. దాదాపు తొమ్మిదింబావు. ఉన్నది ఏడుగురు, అంటే నిష్పత్తి 0.76. ఒకటి కంటే ఎంత తగ్గితే కొరత అంత. కేసుకి ఎన్ని గంటలన్న అంకె రిజిస్టర్ నుంచి తీసుకుంటే ఈ లెక్కంతా తప్పుతుంది, అందుకే ముందు చూసి రాసుకోవడం.

ఏం మారింది, ఏం మారలేదు

ఈ కాగితాలన్నీ పట్టుకుని వెళ్లాను. మేనేజర్ గారు ఓపిగ్గా విన్నారు, ఆ పదిహేడు గీతల కాగితం దగ్గర చాలాసేపు ఆగారు. ఒక నర్సుని, ఒక ఓటీ అసిస్టెంట్‌ని ఇచ్చారు. మేం అడిగింది ఇద్దరు నర్సుల్ని.

డబ్బు ఖర్చు లేని మార్పులు ఎక్కువ పనిచేశాయి. ఒక ముహూర్తానికి రెండు సిజేరియన్లే అని గైనిక్ డాక్టర్లు, మత్తు డాక్టరు గారు ఒప్పుకున్నారు. ఇంప్లాంట్ సెట్ ముందు రోజు సాయంత్రం ఆరులోపు రాకపోతే ఆ కేసు లిస్టులో మొదటిది కాదు. ఫోన్లన్నీ బయట డెస్క్ దగ్గర, ఎత్తేది అసిస్టెంట్. లెక్క పెట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, ఈ మాట మా సీనియర్ సర్జన్ గారే అందరి ముందు చెప్పారు, నేను చెప్తే అంత నిలబడేది కాదు. రాత్రి పన్నెండు దాటాక కాల్‌కి వస్తే మర్నాడు మధ్యాహ్నం రెండింటికే డ్యూటీ. టేబుల్‌కి ఒక ఫ్లోర్ నర్సు అనేది ఇప్పటికీ అన్ని రోజులూ కుదరడం లేదు. కుదరని రోజు మూడో టేబుల్ ఆలస్యంగా మొదలవుతోంది, దానికి మాటలు పడుతున్నాం, పడతాం.

మూడు నెలల తర్వాత మళ్లీ రెండు వారాలు చీటీలు వేయించాం. తరుముడు, చిరాకు తగ్గాయి. శరీర శ్రమ మాత్రం ఉన్నచోటే ఉంది. ఆటోక్లేవ్ కింది అంతస్తులో ఉంది, డ్రమ్ములు మెట్ల మీద మోస్తున్నది వీళ్లే, దాని గురించి మేం ఏమీ చెయ్యలేదు కాబట్టి అంకె కదలలేదు. ఓటీ పక్కనే చిన్న ఆటోక్లేవ్ పెట్టమని అడిగాను, కొటేషన్లు తెప్పిస్తున్నారు. ఒక్క ఆసుపత్రి, కొద్దిమంది నర్సులు, కొలిచింది వాళ్ల ఇన్‌ఛార్జే, కాబట్టి మా అంకెలు మీ ఓటీకి తెచ్చుకోకండి, చీటీ తెచ్చుకోండి.

మెమో సంగతి నేనే మళ్లీ ఎత్తాను. ఆ రోజు డ్యూటీ లిస్టు, రెండు టేబుళ్ల టైములు పక్కపక్కన పెట్టి చూపించాను. ఫైల్లోంచి తీసేశారు. ఆ అమ్మాయిని పిలిచి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "సరే అక్కా, మూడో టేబుల్‌కి ట్రాలీ పెట్టాలి" అని వెళ్లింది.

ఇప్పుడు డ్యూటీ లిస్టు వేసేటప్పుడు పక్కన పంచాంగం క్యాలెండర్ పెట్టుకుంటున్నాను. వచ్చే నెల రెండో శుక్రవారానికి అప్పుడే మూడు పేర్లు వచ్చాయి. మూడో వాళ్లని ఇంకో ముహూర్తం చూసుకోమని చెప్పాలి.